గడ్డ తనంతట తానే కరిగిపోతే...

వ్యాధిని, దాని మందును కూడా సృష్టించిన అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త మహనీయ ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలు కురియుగాక!



ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిసిన రోజు నుండి పరామర్శకు వచ్చేవారి నోట ఒక మాట తప్పకుండా వినబడుతుంది. ఫలానా ఊళ్లో ఒకాయనకు ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండేదట, ఆసుపత్రికి వెళ్లడం మానేశాడట, ఏ మందూ వాడకుండానే గడ్డ కరిగిపోయిందట! ఈ మాట వినగానే రోగి కళ్లలో వెలుగు వస్తుంది. ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వచ్చే వారం కీమోకు తీసుకుపోవాలా, లేక ఆ మాట చెప్పినాయన చూపించిన దారిన పోవాలా అన్న చర్చ మొదలవుతుంది. ఒక్కోసారి ఆ చర్చలోనే విలువైన నెలలు గడిచిపోతాయి.

అందుకే ఈ విషయాన్ని ధర్మం వెలుగులోనూ, వైద్యుల పరిశోధనల వెలుగులోనూ నిదానంగా పరిశీలిద్దాం. ఇలా జరుగుతుందా? జరిగితే దాన్నుండి విశ్వాసి నేర్చుకోవలసింది ఏమిటి? జరగనివారి సంగతేమిటి?

ఇది జరుగుతుందా?

జరుగుతుంది. ఇందులో సందేహపడవలసింది లేదు. అమెరికాలోని చికాగోకు చెందిన ఎవర్సన్, కోల్ అనే ఇద్దరు శస్త్రచికిత్స వైద్యులు, 1900 తర్వాత వైద్య పత్రికల్లో వచ్చిన ఇటువంటి కేసులన్నింటినీ ఏళ్ల తరబడి జల్లెడ పట్టారు. 1966లో ఒక పుస్తకం ప్రచురించారు. అందులో నమ్మదగినవిగా వారు అంగీకరించిన కేసులు 176. చికిత్స ఏదీ లేకుండా గానీ, ఆ వ్యాధిని తగ్గించడానికి ఏ మాత్రం సరిపోని చికిత్స మాత్రమే జరిగినప్పుడు గానీ, క్యాన్సర్ గడ్డ కొంతవరకు లేదా పూర్తిగా మాయమైతే దాన్ని వారు ‘తనంతట తాను తగ్గడం’ అన్నారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, తగ్గడం వేరు, నయం కావడం వేరు అని ఆ వైద్యులే స్పష్టం చేశారు. కొందరిలో గడ్డ కొంతే తగ్గింది. కొందరిలో కొంతకాలానికి మళ్లీ తిరగబెట్టింది. రెండవది, ప్రపంచమంతటి వైద్య పత్రికలను అన్నేళ్లపాటు వెదికితే దొరికినవి 176 మాత్రమే. అరవై వేల నుండి లక్ష మంది క్యాన్సర్ రోగుల్లో ఒకరికి ఇలా జరగవచ్చునని వైద్యులు సాధారణంగా వేసే అంచనా. మరి ఒక్క 2022 సంవత్సరంలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 లక్షల మందికి కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. దాదాపు 18 లక్షల మంది ఆ వ్యాధితో మరణించారు. ఈ లెక్కలను పక్కపక్కన పెట్టుకుంటేనే విషయం సరిగ్గా అర్థమవుతుంది.

ఊపిరితిత్తుల గడ్డల సంగతి

ఊపిరితిత్తుల్లో కనిపించే క్యాన్సర్ గడ్డలు రెండు రకాలు. ఒకటి ఊపిరితిత్తుల్లోనే పుట్టినది. రెండవది శరీరంలో మరెక్కడో పుట్టి రక్తం ద్వారా వచ్చి ఊపిరితిత్తుల్లో నాటుకున్నది. మొదటి రకం తనంతట తాను తగ్గడం అత్యంత అరుదు. రెండవ రకంలో, ముఖ్యంగా మూత్రపిండం (కిడ్నీ) నుండి వచ్చిన గడ్డల్లో, ఇది కాస్త ఎక్కువగా కనబడింది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన బంపస్ అనే వైద్యుడు 1928లోనే దీన్ని గురించి వ్రాశాడు. క్యాన్సర్ సోకిన మూత్రపిండాన్ని తీసివేశాక కొందరిలో ఊపిరితిత్తుల్లోని గడ్డలు వాటంతట అవే చిన్నవైపోయాయి. అయితే ఇలాంటివారు నూటికి ఒకరికంటే తక్కువేనని తర్వాతి పరిశీలనలు తెలిపాయి.

ఈ సందర్భంలో కెనడాలో జరిగిన ఒక పరిశోధన గుర్తుంచుకోదగినది. దాని ఫలితాలు 1998లో వెలువడ్డాయి. మూత్రపిండ క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన 197 మంది రోగులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి శరీర రక్షణ శక్తిని పెంచే ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. రెండవ వర్గానికి చూడటానికి అలాగే ఉండే, మందు ఏమీ లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగులకు తెలియదు. చివరికి చూస్తే మందు తీసుకున్నవారిలో నూటికి 4.4 మందికి గడ్డలు తగ్గాయి. మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవారిలో నూటికి 6.6 మందికి తగ్గాయి!

రెండవ వర్గం లేకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ మందు వల్లే గడ్డలు కరిగాయని అందరూ నమ్మేవారు. ఆ నమ్మకంతో వేలాది మందికి ఆ మందు ఎక్కించేవారు. నిపుణులైన వైద్యులే పొరబడటానికి అవకాశం ఉన్న చోట, పరామర్శకు వచ్చిన బంధువు చెప్పిన మాటను గట్టి ఆధారంగా పట్టుకోవచ్చునా? ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. ఈ ఎక్కువ లెక్కనే తీసుకున్నా, నూటికి తొంభై మూడు మందికి గడ్డలు తమంతట తాము తగ్గలేదు.

శరీరంలోనే ఉంచబడిన సైన్యం

గడ్డ కరిగిందంటే దాని వెనుక ఏదో ఒక సాధనం పని చేసే ఉంటుంది. అది మన కంటికి కనబడకపోవచ్చు, అంతే. అల్లాహ్ మనిషి రక్తంలో ఒక రక్షణ దళాన్ని ఉంచాడు. తెల్ల రక్తకణాలు అనబడే ఈ దళం రోగక్రిములను పట్టి చంపుతుంది. చెడిపోయిన కణాలను కూడా గుర్తించి తొలగిస్తుంది. క్యాన్సర్ కణం ఈ దళం కళ్లుగప్పి పెరుగుతుంది. ఏదో ఒక కారణాన ఆ ముసుగు తొలగితే దళం మేల్కొని గడ్డపై విరుచుకుపడుతుంది.

న్యూయార్క్ వైద్యుడు విలియం కోలీ 19వ శతాబ్దం చివరిలో ఒక పాత రోగి వివరాలు చదివాడు. అతని మెడ మీది క్యాన్సర్ గడ్డ, చర్మానికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకి జ్వరం వచ్చాక మాయమైపోయింది. దాన్ని చూసి 1891 నుండి కోలీ కొందరు రోగులకు కావాలనే క్రిములను ఎక్కించాడు. కొందరిలో గడ్డలు తగ్గాయి. కొందరు ఆ ఇన్‌ఫెక్షన్‌తోనే చనిపోయారు. ఆ తర్వాత అతడు చంపిన క్రిముల సారాన్ని వాడటం మొదలుపెట్టాడు.

1993లో వెలువడిన మరో పరిశీలన ఊపిరితిత్తుల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను గురించినది. కొందరు రోగుల్లో క్యాన్సర్‌పై దాడికి తయారైన రక్షణ పదార్థాలు వారి నరాలను కూడా దెబ్బతీస్తున్నాయి. అటువంటి కొందరిలో గడ్డ తగ్గినట్లు వైద్యులు గమనించారు. అంటే గడ్డ తగ్గడానికి ఆ శరీరం నరాల రూపంలో మూల్యం చెల్లించింది.

ఇలాంటి పరిశీలనలు, ఎందరో పరిశోధకుల ఏళ్ల తరబడి శ్రమ కలిసి ఈనాటి కొత్త మందులకు దారి తీశాయి. రక్షణ దళానికి క్యాన్సర్ వేసే కళ్లెం ఎలా విప్పాలో కనుగొన్నందుకు అమెరికాకు చెందిన జేమ్స్ ఎల్లిసన్‌కు, జపాన్‌కు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. ఆ మార్గంలో వచ్చిన మందులు ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడుకలో ఉన్నాయి. అందరికీ పని చేయవు గానీ కొందరికి ఏళ్ల ఆయుష్షు దొరికింది.

చూశారా! కరిగిపోయిన ఒక గడ్డను చూసి కొందరు ఆసుపత్రి మానేశారు. మరి కొందరు అదే గడ్డను చూసి, అల్లాహ్ ఇందులో ఏ మర్మం దాచాడో వెదికి, లక్షల మందికి పనికివచ్చే మందు తయారు చేశారు. సూచన ఒక్కటే, దాన్ని చూసిన చూపులే వేరు. అల్లాహ్ సూచనలను చూసి ఆలోచించమని ఖుర్ఆన్ మనల్ని పదేపదే పిలుస్తున్నది. చూసి చేతులు ముడుచుకుని కూర్చోమని ఎక్కడా చెప్పలేదు.

విన్నదంతా చెప్పవద్దు

‘మాయమైన గడ్డల’ కథల్లో చాలావాటిలో అసలు క్యాన్సరే ఉండదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. న్యుమోనియా మచ్చ కొన్ని వారాల్లో పోతుంది. టి.బి. గడ్డ టి.బి. మందులతో కరుగుతుంది. ముక్క తీసి పరీక్ష చేయకుండానే ఎవరో క్యాన్సర్ అని భయపెట్టి ఉంటారు, ఆ మచ్చ పోయాక ‘క్యాన్సర్ మాయమైంది’ అన్న కథ ఊరంతా పాకుతుంది. మన దేశంలో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను టి.బి. అనుకుని నెలల తరబడి టి.బి. మందులు మింగి, వ్యాధి ముదిరాక పెద్దాసుపత్రికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. కాబట్టి ముక్క పరీక్ష చేయిద్దామని డాక్టరు చెప్పినప్పుడు, కత్తి తగిలితే గడ్డ పాకిపోతుందన్న పుకార్లకు భయపడి వాయిదా వేయకండి. నిర్ధారణే లేకపోతే చికిత్స ఎలా జరుగుతుంది?

కొన్ని కథల్లో వ్యాధి నిజమే గానీ, ఇచ్చే కారణం నిలవదు. బ్రిటన్‌లో ఎనభై ఏళ్లు దాటిన ఒక మహిళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలింది. ఆమె చికిత్స వద్దన్నది. 2018లో 41 మిల్లీమీటర్లున్న గడ్డ 2021 నాటికి 10 మిల్లీమీటర్లకు తగ్గింది. తాను గంజాయి మొక్క నుండి తీసిన ఒక నూనె వాడుతున్నానని ఆమె డాక్టర్లకు చెప్పింది. ఈ కేసును 2021లో వైద్య పత్రికలో ప్రచురించినవారు, నూనె వల్లే తగ్గిందని తేల్చి చెప్పలేమని వ్రాశారు. కానీ వార్త మాత్రం ‘నూనెతో క్యాన్సర్ నయం’ అని దేశదేశాలు తిరిగింది. ఆ రోజుల్లో ఆమె పొగ త్రాగడం కూడా మానలేదు. మరి సిగరెట్టు వల్ల గడ్డ తగ్గిందని ఎవరైనా అంటారా? ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం అయిపోదు.

విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). వార్త వచ్చినప్పుడు దాన్ని నిర్ధారించుకోవాలనీ, లేకుంటే తెలియక కొందరికి నష్టం కలిగించి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ సూరహ్ హుజురాత్ 6వ ఆయతు బోధిస్తున్నది. వాట్సాప్‌లో వచ్చిన ఒక మాటను పదిమందికి పంపేముందు ఈ ఆయతు మనకు గుర్తుకు రావాలి. మనం పంపిన మాట చదివి ఒక తల్లి చికిత్స మానేసి మరణిస్తే, ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది?

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

‘మౌలానా! షిఫా ఇచ్చేది అల్లాహ్ అయినప్పుడు డాక్టరు ఎందుకు?’ అని మమ్మల్ని కొందరు అడుగుతుంటారు. షిఫా ఇచ్చేది అల్లాహ్ అన్నది మన ఈమాన్. తాను జబ్బుపడితే తనకు స్వస్థత ఇచ్చేది ఆయనేనని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ప్రకటించారు (సూరహ్ షుఅరా: 80). అయితే ఆ స్వస్థత ఏ దారిలో వస్తుందో నిర్ణయించేది కూడా అల్లాహ్‌యే. మందు ఆయన దారుల్లో ఒకటి.

పల్లెవాసులైన కొందరు అరబ్బులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, మేము వైద్యం చేయించుకోవాలా అని అడిగారు. చేయించుకోండి అని ఆయన స్పష్టంగా చెప్పారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టి ఆ తర్వాత భారం వేయమని బోధించారు (తిర్మిజీ). షామ్ దేశంలో ప్లేగు ప్రబలిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారి మధ్యలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు (బుఖారీ). వ్యాధి తఖ్దీర్ అయితే, దానికి చేయించే చికిత్స కూడా తఖ్దీరే.

మహిమలు జరిగిన చోట కూడా అల్లాహ్ తన దాసులను ఏదో ఒక పని చేయమన్నాడు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్న హజ్రత్ అయ్యూబ్ (అలై) కు స్వస్థత ఇవ్వదలచినప్పుడు, నేలను కాలితో తన్నమన్నాడు. చల్లని ఊట వెలువడింది. దానితో స్నానం చేయడం, దాన్ని త్రాగడం ఆయనకు స్వస్థత అయింది (సూరహ్ సాద్: 42). ప్రసవ వేదనలో ఉన్న హజ్రత్ మర్యమ్ (అలై) ను ఖర్జూరపు మొదలు పట్టి ఊపమన్నాడు (సూరహ్ మర్యమ్: 25). కాలు తన్నితే నీళ్లు రావు, నీరసించిన స్త్రీ ఊపితే ఖర్జూరపు చెట్టు కదలదు. ఇచ్చేది అల్లాహ్‌యే. అయినా దాసుడు తన వంతు చేయాలి. ఆసుపత్రి మెట్లు ఎక్కడం మన వంతు.

కలోంజీ సంగతి కూడా చెప్పుకోవాలి. నల్ల జీలకర్రలో మరణం తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందన్న హదీసు ప్రామాణికమైనదే (బుఖారీ, ముస్లిం). దాన్ని ఆశతో వాడటంలో తప్పు లేదు. అయితే ఆ మాట పదాల్లో సాధారణంగా ఉన్నా భావంలో కొన్ని వ్యాధులకు సంబంధించినదని ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) వంటి హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. దైవప్రవక్త (స) తానే తేనెను, హిజామాను కూడా సూచించారు. ఒక్క కలోంజీతో అన్నీ సరిపోతే ఇవన్నీ ఎందుకు? కాబట్టి కీమో జరుగుతున్న రోగికి కలోంజీ గానీ, మరేదైనా ఆకు పసరు గానీ ఇస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని మూలికలు మందుల పనికి అడ్డు తగులుతాయి.

ఖుర్ఆన్ పఠించి రోగిపై ఊదడం సున్నత్. దైవప్రవక్త (స) రోగిపై తన కుడి చేతిని ఉంచి, వ్యాధి జాడ మిగలనివ్వని స్వస్థత ఇమ్మని మానవుల ప్రభువును వేడుకునేవారు (బుఖారీ, ముస్లిం). కానీ ‘మందులు మానేస్తేనే నా దమ్ పని చేస్తుంది’ అని చెప్పే ఆమిల్‌ను నమ్మవద్దు. వైద్య విద్య తెలియకుండా వైద్యం చేసేవాడే జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) నిర్ణయించారు (అబూదావూద్, నసాయీ, ఇబ్నుమాజా). తావీజు కట్టి వేలు గుంజేవాడు, నష్టం జరిగాక బాధ్యత వహిస్తాడా?

1992లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ సమావేశం ఈ అంశాన్ని చర్చించింది. చికిత్స మానేస్తే ప్రాణానికో అవయవానికో నష్టం కలిగే పరిస్థితుల్లో చికిత్స విధి అవుతుందని ఉలమా తీర్మానించారు. ఇక నయం కాదని వైద్యులు చెప్పిన చోట కూడా అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందరాదనీ, రోగి బాధను తగ్గించే సేవను మానరాదనీ తెలిపారు. డాక్టరు ‘ఇక లాభం లేదు’ అంటే దాని అర్థం ఈనాటి వైద్యానికి తెలిసినంతలో లాభం లేదని మాత్రమే.

తగ్గనివారి సంగతేమిటి?

సోదరులారా! ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. గడ్డ కరిగిన కథ చెప్పేవారు చివర ఒక మాట కలుపుతారు: ‘ఆయన ఈమాన్ అంత గట్టిది మరి!’ ఆ మాట మంచంలో ఉన్న రోగి చెవిన పడుతుంది. తన గడ్డ పెరుగుతూనే ఉంది. అంటే నా ఈమాన్ బలహీనమా, నా దుఆ అల్లాహ్‌కు నచ్చలేదా అని ఆ రోగి లోలోపల కుమిలిపోతాడు. శరీరానికి ఒక గడ్డ చాలదన్నట్లు మనసుకు మరో గడ్డ తగిలించి వెళ్లిపోతారు పరామర్శకులు.

ఇది ధర్మంలో లేని కొలబద్ద. సృష్టిలో అందరికంటే ఉత్తములైన దైవప్రవక్త (స) కు జ్వరం వస్తే ఇద్దరు మనుషులకు వచ్చినంత తీవ్రంగా వచ్చేది (బుఖారీ). స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్లేగు వ్యాధితోనే మరణించారు. ఉమర్ (రజి) ను ప్రశ్నించిన ఆ అబూ ఉబైదాయే! ఆయన ఈమాన్‌లో లోపం ఉందని చెప్పే సాహసం ఎవరికుంది?

మూర్ఛ వ్యాధితో బాధపడే ఒక నల్లజాతి స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దుఆ చేయమని కోరింది. సహనం వహిస్తే స్వర్గం ఉంటుందనీ, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తాననీ ఆయన రెండు దారులు చూపారు. ఆమె సహనాన్ని ఎంచుకుంది. మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటి మీది వస్త్రం తొలగకుండా ఉండాలని మాత్రం దుఆ చేయించుకుంది (బుఖారీ, ముస్లిం). ఆమె వ్యాధి పోలేదు. అయినా ఆమెను చూపి, స్వర్గవాసి అయిన స్త్రీని చూడాలనుకుంటే ఈమెను చూడమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన శిష్యుడికి చెప్పారు. వ్యాధి తగ్గినవారే అల్లాహ్‌కు ప్రియమైనవారైతే ఆమె స్థానం ఎక్కడ?

విశ్వాసికి కలిగే అలసట, నొప్పి, దుఃఖం, చివరికి కాలిలో దిగిన ముల్లు కూడా అతని పాపాలకు ప్రాయశ్చిత్తం అవుతుంది (బుఖారీ, ముస్లిం). గడ్డ కరిగినా అది అల్లాహ్ అనుగ్రహమే, కరగకుండా సహనంతో గడిపిన ప్రతి రాత్రీ అల్లాహ్ దగ్గర వ్రాయబడే ఉంటుంది. స్కానింగ్ ఫిల్ము గడ్డను చూపుతుంది, ఈమాన్‌ను చూపదు.

ఆశ, వీలునామా – రెండూ కలిసి

హిజ్రీ 10వ సంవత్సరంలో, దైవప్రవక్త (స) చివరి హజ్ సందర్భంగా హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఇక బ్రతకనని అనుకున్నారు. పరామర్శకు వచ్చిన దైవప్రవక్త (స) తో తన ఆస్తి వీలునామా గురించి మాట్లాడారు. మూడవ వంతు చాలు, అదే ఎక్కువ అని ఆయన చెప్పారు. వారసులను ఇతరుల ముందు చేయిచాపే స్థితిలో వదలడం కంటే కలిగినవారిగా వదలడం మేలన్నారు. సఅద్ (రజి) ఇంకా బ్రతికి, ఆయన వల్ల ఎందరికో మేలు కలుగవచ్చునని ఆశ కూడా చూపారు (బుఖారీ, ముస్లిం). అలాగే జరిగింది. సఅద్ (రజి) కోలుకున్నారు. ఖాదిసియ్యా యుద్ధంలో ముస్లిం సేనకు నాయకత్వం వహించారు. ఆ జబ్బు తర్వాత సుమారు నలభై అయిదేళ్లు జీవించారు.

ఈ ఒక్క పరామర్శలో మనకు కావలసిన పాఠమంతా ఉంది. దైవప్రవక్త (స) ఆ రోగిని నిరాశపరచలేదు. అలాగని, నీకు నయమవుతుందిలే, వీలునామా మాట ఎందుకు అని కూడా అనలేదు. లెక్కలు సరిచూసుకోమన్నారు, దానితో పాటే ఆశ పెట్టుకోమన్నారు. మనం మాత్రం ఏం చేస్తున్నాం? రోగికి నిజం చెప్పకుండా దాస్తున్నాం. అప్పులు, అమానతులు, ఆడబిడ్డల వాటాలు తేలకుండానే ఆ మనిషి వెళ్లిపోతున్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములు కచ్చేరీల చుట్టూ తిరుగుతున్నారు.

మనం చేయవలసింది

దగ్గు మూడు వారాలు దాటినా, కఫంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే పరీక్షలు చేయించుకోండి. డబ్బు లేదని ఆగిపోకండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. నొప్పి తగ్గించే ప్రత్యేక విభాగం కూడా అక్కడ ఉంది. వ్యాధి ముదిరినవారికి డాక్టరు సూచించే మార్ఫిన్ వంటి మందు చికిత్స అవసరం కోసం వాడేదే. మత్తు వస్తువని భయపడి రోగిని బాధలో వదిలేయకండి.

చికిత్సలో ఉన్నవారు నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని నమాజు చేయవచ్చు. నీళ్లు హాని చేస్తాయనుకుంటే తయమ్ముమ్ ఉంది. ఉపవాసాలకు సడలింపు ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని స్వీకరించడం కూడా ఇబాదతే.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దాదాపు 85 శాతానికి పొగ త్రాగడమే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిమ్మల్ని మీరే వినాశంలోకి నెట్టుకోవద్దని సూరహ్ బఖరా 195వ ఆయతు హెచ్చరిస్తున్నది. మస్జిద్ మెట్ల దగ్గర బీడీ ఆర్పి లోపలికి వచ్చి ఆరోగ్యం కోసం దుఆ చేసి, బయటికి వెళ్లగానే మళ్లీ ముట్టించడం ఎలాంటి దుఆ? ఆ పొగ భార్యాబిడ్డల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. వారి హక్కు మన మెడ మీద ఉంది.

పరామర్శకు వెళ్తే మందుల సలహాలు, మాయమైన గడ్డల కథలు మోసుకుపోకండి. ఆసుపత్రికి తోడుగా వెళ్లండి. ఒక రోజు మందుల ఖర్చు మీరు భరించండి. పిల్లలకు వండి పంపండి. కొద్దిసేపు కూర్చుని, దుఆ చేసి రండి.

ఇక దుఆ విషయంలో మాత్రం పిసినారితనం చూపకండి. లక్షలో ఒకరికి జరిగేదాన్ని కూడా ధైర్యంగా అడగండి, తహజ్జుద్‌లో అడగండి. అడగడానికి ఏ లెక్కా అడ్డు రాదు. ఎందుకంటే మనం అడిగేది లెక్కలను సృష్టించినవాణ్ణి. అడిగి, తెల్లవారాక రోగిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఓ అల్లాహ్! రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. స్వస్థత నీ నిర్ణయం కానివారికి సహనాన్ని, ఈమాన్‌తో కూడిన ముగింపును ప్రసాదించు. వారికి సేవ చేస్తున్న చేతులకు బలాన్నివ్వు. మా నాలుకల వల్ల ఏ రోగి మనసూ నొవ్వకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.